తాను పెట్టిన కీలును తానే తీసిన డాక్టరు: సర్ జాన్ చార్న్‌లీ

మన బడికి యాభై ఏళ్ళు నిండాయంటే మొదటి బ్యాచ్‌లలో చదివినవాళ్ళు అరవై దాటారన్న మాట. ఒకప్పుడు గంట కొట్టగానే రెండేసి మెట్లు ఒక్క అంగలో దూకిన కాళ్ళు ఇప్పుడు మెట్ల పక్కన రెయిలింగ్ ఎక్కడుందా అని చూసుకుంటున్నాయి. మన పూర్వ విద్యార్థుల్లోనూ, మనకు పాఠాలు చెప్పిన మాస్టార్లలోనూ కొందరి తుంటిలోనో మోకాలిలోనో ఇప్పటికే కాస్త లోహం, కాస్త ప్లాస్టిక్ చేరి ఉంటుంది. మిగిలినవాళ్ళలో కొందరు ఆపరేషన్ చేయించుకోవాలా వద్దా అని ఊగిసలాడుతూ ఉంటారు.

కీలు మార్పిడికి వెళ్ళే ప్రతివారూ డాక్టరును అడిగే మొదటి ప్రశ్న, ఇది ఎన్నేళ్ళు గట్టిగా ఉంటుంది అని. దాని వెనకే ఇంకో ప్రశ్న ఉంది. దాన్ని అడిగేవాళ్ళు తక్కువ. ఒకవేళ అరిగిపోయినా, చీము పట్టినా, వదులైనా, పెట్టినదాన్ని మళ్ళీ బయటికి తీయడం ఎలా? గట్టిగా పట్టుకోవాలన్నది ఒక కోరిక. అవసరమైనప్పుడు ఎముకను పాడుచేయకుండా ఊడి రావాలన్నది ఇంకొకటి. ఈ రెండూ ఒకదానికొకటి అడ్డం. ఎంత గట్టిగా బిగిస్తే అంత కష్టంగా ఊడుతుంది కదా.

ఈ రెండు ప్రశ్నల మధ్య నలిగి, నేటి తుంటి మార్పిడి ఆపరేషన్‌కు దారి వేసిన మనిషి సర్ జాన్ చార్న్‌లీ. ఆయన గెలుపు కథ ప్రపంచానికి బాగా తెలుసు. గెలుపుకు ముందు మూడు వందల మంది రోగుల విషయంలో ఆయన ఓడిపోయారు. ఆ ఓటమిని ఆయన ఎలా ఎదుర్కొన్నారన్నది అంతకన్నా తెలుసుకోదగ్గ కథ.

బరీ పట్టణపు కుర్రవాడు

చార్న్‌లీ 1911 ఆగస్టు 29న ఇంగ్లండులోని లాంకషైర్ ప్రాంతంలో, మాంచెస్టర్‌కు ఉత్తరాన ఉన్న బరీ పట్టణంలో పుట్టారు. నూలు మిల్లులు, మరమగ్గాల మధ్య పెరిగిన పట్టణం అది. తండ్రికి మందుల దుకాణం ఉండేది. తల్లి నర్సుగా శిక్షణ పొందినవారు. జాన్, ఆయన చెల్లెలు మేరీ ఇద్దరూ చదువులో చురుకైనవారే. ఆయన చదివింది ఆ ఊరి బరీ గ్రామర్ స్కూలులో. సైన్సు మీద, చేతిపని మీద ఆయనకు మొదటినుంచీ ఆసక్తి. ఈ రెండూ చివరిదాకా ఆయన్ను వదలలేదు.

మాంచెస్టర్ విశ్వవిద్యాలయంలో వైద్యం చదివి 1935లో డాక్టరయ్యారు. మరుసటి ఏడాదే, ఇరవై అయిదేళ్ళ వయసులో, ఎఫ్‌ఆర్‌సీఎస్ సాధించారు. అంత చిన్న వయసులో ఆ పట్టా అందుకోవడం అప్పట్లో అరుదు. 1940లో సైన్యపు వైద్య దళంలో చేరారు. డంకర్క్ తీరం నుంచి బ్రిటిష్ సైనికులను ఓడల మీద తరలించిన రోజుల్లో ఆయనా ఆ పనిలో ఉన్నారు. తరువాత ఈజిప్టులోని కైరోకు పంపారు. విరిగిన ఎముకలకు కట్టే స్ప్లింట్లు, కాళ్ళకు తొడిగే ఇనుప పట్టీలు అక్కడ సైన్యపు వర్క్‌షాపులోనే తయారు చేయించవలసి వచ్చేది. డాక్టరు గీసిన బొమ్మను మెకానిక్ చేతిలో వస్తువుగా మార్చడం ఎలాగో ఆయన నేర్చుకున్నది అక్కడే. లేత్ మెషిన్ పక్కన నిలబడి ఫిట్టరుతో సమానంగా మాట్లాడగల సర్జన్లు అప్పుడూ తక్కువే, ఇప్పుడూ తక్కువే.

యుద్ధం ముగిశాక కొన్నాళ్ళు ఆస్వెస్ట్రీలోని ఎముకల ఆసుపత్రిలో పనిచేశారు. అక్కడ జరిగిన ఒక సంగతి ఆయన స్వభావాన్ని పట్టి ఇస్తుంది. ఒకచోటి నుంచి తీసి అతికించిన ఎముక ముక్క శరీరంలో ఎలా బతుకుతుందో తెలుసుకోవాలనుకున్నారు. రోగి మీద కాకుండా తన మీదే చేసి చూడమని తోటి డాక్టరును ఒప్పించి, తన కాలి ఎముక ముక్క తీయించి మళ్ళీ పెట్టించుకున్నారు. అది చీము పట్టింది. తరువాత చాలా అవస్థ పడ్డారు. తెలివైన పని అని దాన్ని ఎవరూ అనరు. కానీ ప్రయోగం చేయాల్సి వస్తే మొదట తన ఒంటి మీదే చేసుకునే ఈ అలవాటు ఇంకోసారి ఆయన కథలోకి వస్తుంది.

1947లో మాంచెస్టర్ రాయల్ ఇన్‌ఫర్మరీలో, సర్ హ్యారీ ప్లాట్ దగ్గర, కన్సల్టెంట్ సర్జన్ అయ్యారు. 1950లో విరిగిన ఎముకలను కోత లేకుండా సరిచేయడం గురించి రాసిన పుస్తకం ఆయనకు పేరు తెచ్చింది. పాడైన మోకాలి కీలును రెండు ఎముకలూ నొక్కిపట్టి ఒకటిగా అతుక్కునేలా చేసే పద్ధతిలో కూడా ఆయన దిట్ట. అంటే కీళ్ళ కదలికను ఆపడంలో నిపుణుడైన మనిషే కీళ్ళను మళ్ళీ కదిలించే పనికి పూనుకున్నారు.

కీచుమన్న తుంటి

తుంటి కీలు నిర్మాణం చాలా సులువైనది. తొడ ఎముక పైకొన బంతిలా ఉంటుంది. కటి ఎముకలో గిన్నెలాంటి గుంట ఉంటుంది. బంతి గిన్నెలో తిరుగుతుంది. రెంటి మీదా నున్నటి మృదులాస్థి పూత ఉంటుంది. ఆ పూత అరిగిపోతే ఎముక ఎముకతో రాసుకుంటుంది. అడుగు తీసి అడుగు వేయడం నరకమవుతుంది.

చార్న్‌లీ కన్నా ముందే చాలామంది దీనికి మందు వెతికారు. 1890ల నాటికే బెర్లిన్‌లో గ్లూక్ అనే సర్జన్ ఏనుగు దంతంతో కీళ్ళు చేయించి పెట్టారు. 1938లో లండన్‌లో ఫిలిప్ వైల్స్ స్టీలు బంతి, స్టీలు గిన్నె చేయించి మరలతో బిగించారు. 1946లో పారిస్‌లో జూడే సోదరులు అక్రిలిక్ ప్లాస్టిక్ బంతిని తొడ ఎముక కొనకు తొడిగారు. నార్విచ్‌లో మెక్‌కీ లోహపు బంతిని లోహపు గిన్నెలో తిప్పారు. అన్నింటికీ ఒకటే జబ్బు. కొన్నాళ్ళకు వదులయ్యేవి.

జూడే పద్ధతిలో ఆపరేషన్ అయిన ఒక రోగి చార్న్‌లీ దగ్గరికి వచ్చాడు. అతని తుంటి కదిలినప్పుడల్లా కీచుమని శబ్దం చేసేది. భోజనాల బల్ల దగ్గర అతను ముందుకు వంగితే చాలు, ఆ మోత భరించలేక భార్య లేచి వెళ్ళిపోయేదట. వినేవాళ్ళకు నవ్వొచ్చే విషయమే. చార్న్‌లీకి మాత్రం అందులో ఒక లెక్క వినబడింది. కీచుమంటోందంటే రాపిడి ఎక్కువగా ఉంది. రాపిడి ఎక్కువైతే బంతి తిరిగేటప్పుడు తనను పట్టుకున్న ఎముకను కూడా తిప్పాలని చూస్తుంది. రోజుకు వేల అడుగులు వేస్తే వేలసార్లు అదే మెలి. ఎంత గట్టిగా బిగించిన మర అయినా ఆ మెలికి కొన్నాళ్ళకు వదులవక తప్పదు.

ఇక్కడే ఆయన ఆలోచన మిగతావాళ్ళ దారి నుంచి చీలింది. అందరూ ఇంకా గట్టిగా బిగించడం ఎలా అని చూస్తుంటే, వదులు చేసే బలాన్నే తగ్గించడం ఎలా అని ఆయన చూశారు. మాంచెస్టర్ విశ్వవిద్యాలయపు ఇంజినీర్లతో కూర్చుని కీళ్ళ ఘర్షణ కొలిచారు. ఆరోగ్యమైన కీలులో రాపిడి మంచు మీద జారే స్కేటు కన్నా తక్కువని తేలింది. మన ఒంట్లోని కందెన ద్రవం మృదులాస్థి మీద పనిచేసినట్టు లోహం మీద పనిచేయదనీ తెలిసింది. కాబట్టి కొత్త కీలుకు వాడే పదార్థమే సహజంగా జారుడు గుణం కలదై ఉండాలి.

ఇంకో సంగతి కూడా ఆయనకు తట్టింది. మన ఊళ్ళో బావి గిలకను గుర్తు చేసుకోండి. ఇరుసు లావుగా ఉంటే గిలక బరువుగా తిరుగుతుంది. సన్నగా ఉంటే తేలిగ్గా తిరుగుతుంది. తుంటిలోనూ అంతే. బంతి పెద్దదైతే రాపిడి గిన్నెను తిప్పే మెలి పెద్దది, బంతి చిన్నదైతే మెలి చిన్నది. అందుకే సహజంగా నాలుగున్నర, అయిదు సెంటీమీటర్లుండే బంతిని ఆయన కుదిస్తూ కుదిస్తూ 22.225 మిల్లీమీటర్లకు తెచ్చారు. అంటే అంగుళంలో ఎనిమిదింట ఏడు వంతులు, దాదాపు మన రూపాయి బిళ్ళంత అడ్డుకొలత. చిన్న బంతికి గిన్నెలోంచి జారిపోయే ప్రమాదం కొంత ఎక్కువ. ఆ సంగతి తెలిసే, గిన్నె కదలకుండా ఉండటమే ముఖ్యమని ఆయన ఎంచుకున్నారు.

గచ్చు చెప్పిన పాఠం

గిన్నె సంగతి సరే, తొడ ఎముక వైపు ఏం చేయాలి? బంతికి కింద పొడవాటి లోహపు కాడ ఉంటుంది. దాన్ని స్టెమ్ అంటారు. తొడ ఎముక లోపలి బోలులో ఆ కాడను దించాలి. అప్పటిదాకా సుత్తితో దిగగొట్టేవారు. ఎముక లోపలి ఆకారం ఒక్కొక్కరికీ ఒక్కోలా ఉంటుంది. కాడ అక్కడక్కడా మాత్రమే ఎముకకు తగిలేది. తగిలినచోట ఒత్తిడంతా పడి, ఎముక అరిగి, కాడ ఊగేది.

మాంచెస్టర్‌లో దంతవైద్య పదార్థాల మీద పనిచేస్తున్న డెన్నిస్ స్మిత్ అనే శాస్త్రవేత్త ఒక సలహా ఇచ్చారు. కట్టుడు పళ్ళ తయారీలో వాడే అక్రిలిక్ పొడిని, ద్రవాన్ని కలిపితే ముద్దలా అవుతుంది. పది నిమిషాల్లో వేడెక్కి రాయిలా గట్టిపడుతుంది. 1958 నుంచి చార్న్‌లీ దాన్ని ఎముకలో వాడటం మొదలుపెట్టారు. ఎముకలో అక్రిలిక్ వాడిన మొదటి మనిషి ఆయన కాదు. అది ఎలా పనిచేస్తుందో సరిగ్గా అర్థం చేసుకుని వాడినవారు మాత్రం ఆయనే.

దాన్ని బోన్ సిమెంట్ అంటారు గానీ అది దేన్నీ అతికించదు. జిగురు గుణం దానికి లేదు. గోడలో ద్వారబంధం నిలబెట్టి చుట్టూ సందుల్లో మేస్త్రీ గచ్చు కూరినట్టుగా, అది ఎముక లోపలి చిన్నచిన్న గదుల్లోకి చొచ్చుకుని గట్టిపడుతుంది. కాడ చుట్టూ అచ్చు పోసినట్టు కూర్చుంటుంది. ఇప్పుడు బరువు రెండు మూడు చోట్ల పడకుండా ఎముక పొడవునా పరుచుకుంటుంది. ద్వారబంధం గోడలో నిలిచేది అతుకు వల్ల కాదు, ఆకారం వల్ల, కూర్పు వల్ల. ఈ తేడా చిన్నదిగా కనిపిస్తుంది. కాడను బయటికి తీయవలసిన రోజు వచ్చినప్పుడు దాని విలువ తెలుస్తుంది.

మూడు వందల మంది

ఇక గిన్నెకు పదార్థం కావాలి. ఆనాడు తెలిసిన వాటిలో అన్నిటికన్నా జారుడు గుణమున్నది టెఫ్లాన్. ఇప్పుడు మన వంటింట్లో అట్ల పెనం మీద పూతగా ఉండేదే. విగన్ పట్టణం దగ్గర రైటింగ్టన్‌లో ఒకప్పటి క్షయ రోగుల ఆసుపత్రి ఉండేది. మాంచెస్టర్‌లోని పనిని తగ్గించుకుంటూ వచ్చి చార్న్‌లీ అక్కడ తుంటి ఆపరేషన్లకు ప్రత్యేక కేంద్రం నెలకొల్పారు. ఇంట్లో లేత్ మెషిన్ పెట్టుకుని టెఫ్లాన్ గిన్నెలు స్వయంగా తయారు చేసేవారు.

మొదటి ఫలితాలు అద్భుతం. ఏళ్ళ తరబడి మంచం పట్టినవాళ్ళు నొప్పి లేకుండా నడిచి వెళ్ళిపోయారు. సుమారు మూడు వందల మందికి ఆ ఆపరేషన్ జరిగింది.

తరువాత ఒక్కొక్కరే తిరిగి రావడం మొదలైంది. ఏడాదికి కొందరు, రెండు మూడేళ్ళకు చాలామంది. ఎక్స్‌రేలో చూస్తే ఉక్కు బంతి మెత్తటి టెఫ్లాన్‌ను తొలుచుకుంటూ లోపలికి పోయింది. రాలిన టెఫ్లాన్ పొడిని శరీరం సహించలేదు. కీలు చుట్టూ జున్నులాంటి ముద్ద పేరుకుని ఎముకను తినేసింది. జారుడు గుణం, అరగకుండా ఉండే గుణం రెండూ ఒకటి కావని అప్పుడు తెలిసింది. చిన్న బంతి మెలిని తగ్గించిన మాట నిజమే. కానీ మెత్తటి గిన్నెలో అదే చిన్న బంతి ఇంకా వేగంగా దిగబడింది.

ఇలాంటప్పుడు మనిషి ముందు చాలా దారులు ఉంటాయి. తప్పు పదార్థానిదని చెప్పి ఇంకో పని చూసుకోవచ్చు. రోగులను వేరే డాక్టర్లకు పంపవచ్చు. ఆపరేషన్ ఫలితాల పట్టికలో మంచివి మాత్రం చూపించవచ్చు. చార్న్‌లీ వీటిలో ఏదీ చేయలేదు. తాను చేసిన ఆపరేషన్లు విఫలమయ్యాయని ఒప్పుకున్నారు. వచ్చిన రోగులకు మళ్ళీ కోత పెట్టి, తాను పెట్టినదాన్ని తానే తీశారు. టెఫ్లాన్ హాని ఎంతో కచ్చితంగా తెలియాలని ఆ పొడిని తన తొడలోకి ఎక్కించుకున్నారు. దాని పక్కనే, తరువాత దొరికిన కొత్త ప్లాస్టిక్ పొడిని కూడా ఎక్కించుకున్నారు. తొమ్మిది నెలల తరువాత కూడా టెఫ్లాన్ ఉన్నచోట గడ్డలు చేతికి తగులుతున్నాయి. కొత్త ప్లాస్టిక్ ఉన్నచోట ఏమీ లేదు. ఈ సంగతిని వైద్య పత్రిక లాన్సెట్‌లో 1963లో ప్రకటించారు.

ఆ రెండో ఆపరేషన్లు ఆయనకు ఇంకో పాఠం చెప్పాయి. గిన్నెలు నాశనమైనా, సిమెంటులో దించిన కాడలు చాలావరకు గట్టిగానే ఉన్నాయి. గచ్చు నమ్మదగినదేనని తేలింది. తీయడానికి వెళ్ళకపోతే ఆ సంగతి తెలిసేది కాదు.

మరమగ్గాల పళ్ళచక్రం

1962లో లాంకషైర్ మరమగ్గాలకు ప్లాస్టిక్ పళ్ళచక్రాలు అమ్మే ఒక సేల్స్‌మన్ రైటింగ్టన్ ప్రయోగశాలకు వచ్చాడు. అతను తెచ్చిన ముక్క అధిక అణుభారం గల పాలిథిలీన్. ప్రయోగశాల నడిపే టెక్నీషియన్ పేరు హ్యారీ క్రేవెన్. అతను ముక్కను చార్న్‌లీకి చూపిస్తే, ఆయన బొటనవేలి గోటితో నొక్కి చూసి, ఇది పనికిరాదు, సమయం వృథా చేయకు అని చెప్పి వెళ్ళిపోయారు.

క్రేవెన్ ఆ మాట వినలేదు. చార్న్‌లీ కోపెన్‌హేగన్ వెళ్ళినప్పుడు ఆ ముక్కను అరుగుదల కొలిచే యంత్రానికి ఎక్కించి నడిపాడు. రాత్రింబగళ్ళు నడిచింది. మూడు వారాల తరువాత కొలిస్తే టెఫ్లాన్ ఒక్క రోజులో అరిగినంత కూడా అరగలేదు. చార్న్‌లీ తిరిగి వచ్చి, యంత్రం దగ్గర నిలబడి చూసి, తన తీర్పు తప్పని ఒప్పుకున్నారు. ఆ ఏడాది నవంబరులో మొదటి పాలిథిలీన్ గిన్నెను రోగికి అమర్చారు. ఉక్కు బంతి, పాలిథిలీన్ గిన్నె, చుట్టూ అక్రిలిక్ సిమెంటు. నేటికీ ప్రపంచమంతటా చేసే తుంటి మార్పిడికి ఇదే పునాది. పెద్దవారి మాట కాదని పరీక్షించి చూసిన ఒక టెక్నీషియన్, అది విని సంతోషించిన ఒక పెద్దమనిషి లేకపోతే ఇది ఇంకెన్నేళ్ళు ఆలస్యమయ్యేదో.

టెఫ్లాన్ దెబ్బ తిన్న మనిషి ఈసారి తొందరపడలేదు. తన కీలును ఎవరికి పడితే వారికి అమ్మనివ్వలేదు. లీడ్స్‌లోని థాక్రే కంపెనీ వాటిని తయారు చేసేది. రైటింగ్టన్ వచ్చి నేర్చుకున్న సర్జన్లకు మాత్రమే ఇవ్వాలని 1960ల చివరి దాకా షరతు పెట్టారు. చాలామంది దాన్ని అహంకారం అనుకున్నారు. కానీ ఏళ్ళు గడిచి లెక్క తేలేదాకా దాన్ని విస్తరించకూడదని ఆయన పట్టుదల. దీర్ఘకాల ఫలితాల మీద ఆయన ముఖ్యమైన వ్యాసం 1972లో గానీ రాలేదు.

అంతటితో ఊరుకోలేదు. చనిపోయిన తరువాత తమ తుంటిలోని కీలును తీసి పరీక్షించడానికి ఒప్పుకోవలసిందిగా రోగులను కోరేవారు. చాలామంది ఒప్పుకున్నారు. పది పన్నెండేళ్ళు ఒక మనిషి నడిచిన కీలు చేతికి వస్తే, ఎంత అరిగింది, సిమెంటు ఎముకను ఎలా పట్టుకుంది అన్నది కళ్ళారా చూడవచ్చు. ఆయన విజ్ఞానమంతా అలా బయటికి తీసి చూసిన వస్తువుల్లోంచి వచ్చిందే.

చీముతో పోరు

పెట్టిన కీలును తీయవలసి రావడానికి అరుగుదల తరువాత పెద్ద కారణం చీము. సూక్ష్మక్రిములు లోహం మీద, సిమెంటు మీద ఒకసారి తిష్ఠ వేస్తే మందులకు లొంగవు. అప్పుడు మొత్తం తీయడమే. కాడనే కాదు, ఎముక బోలులో చొచ్చుకుపోయిన సిమెంటును ముక్క కూడా మిగలకుండా తొలిచి తీయాలి. పొడవాటి ఉలులు, డ్రిల్లులతో లోతైన ఇరుకు బోలులో చేసే పని అది. చేయి కాస్త తప్పితే తొడ ఎముకకు తూటు పడుతుంది, లేదా విరుగుతుంది.

చార్న్‌లీ తొలినాళ్ళలో నూటికి ఏడు నుంచి తొమ్మిది మందికి చీము పట్టేది. రాకుండా చూడటమే మేలని, ఆయన ఆపరేషన్ బల్ల చుట్టూ గాజు గదిలాంటిది కట్టించి, వడకట్టిన గాలిని పైనుంచి నిరంతరం వదిలే ఏర్పాటు చేయించారు. గాలి వడపోతలో అనుభవమున్న హోవర్త్ కంపెనీ దానికి సాయపడింది. సర్జన్ ఊపిరిని కూడా గొట్టంతో బయటికి లాగే దుస్తులు తొడిగించారు. జాగ్రత్తలన్నీ కలిసి చీము పట్టడం నూటికి ఒకటి కన్నా తక్కువకు దిగింది. నేడు పెద్ద ఆసుపత్రుల్లో కనిపించే లామినార్ ఫ్లో ఆపరేషన్ థియేటర్లకు మూలం ఆ గాజు గదే.

పికాసు కామ

ఇక మనం మొదలుపెట్టిన ప్రశ్నకు వద్దాం. గట్టిగా పట్టాలి, తేలిగ్గా ఊడాలి. ఈ రెండూ ఒకే వస్తువులో ఎలా కుదురుతాయి?

పొలం పనిలో పికాసు చూసినవాళ్ళకు జవాబు తెలుసు. పికాసు కామ ఒక కొన లావు, ఒక కొన సన్నం. ఇనుప తలను సన్న కొన నుంచి ఎక్కిస్తే లావు కొన దగ్గర బిగుసుకుంటుంది. ఎంత విసిరితే అంత బిగుస్తుంది. మేకు లేదు, జిగురు లేదు. తీయాలంటే కామను తిరగేసి నేల మీద ఒక్కసారి పొడిస్తే తల కిందికి జారుతుంది. ఒక వైపు బలానికి బిగుసుకుని, ఎదురు వైపు దెబ్బకు వదిలే ఉపాయం అది.

చార్న్‌లీ మొదటి తరం కాడలు ఉక్కుతో చేసినవి, నున్నగా మెరుగు పెట్టినవి, కిందికి సన్నబడేవి. ఒంటి బరువు కాడను కిందికి నొక్కుతుంది. సిమెంటు కొద్దిగా సర్దుకుంటుంది. కాడ ఒకింత దిగి ఇంకా బిగుసుకుంటుంది. కాడ దిగడం మంచిది కాదన్న అభిప్రాయం అప్పట్లో బలంగా ఉండేది. తరువాత వచ్చిన నమూనాల్లో కాడ పైభాగాన్ని గరుకు చేశారు. గరుకైతే సిమెంటు ఇంకా బాగా పట్టుకుంటుందని ఎవరికైనా తోచే తర్కమే. కానీ సంవత్సరాలు గడిచాక లెక్క చూస్తే తొలి నున్నటి కాడలే తక్కువగా వదులయ్యాయి.

ఎక్సెటర్ నగరంలో రాబిన్ లింగ్ అనే సర్జన్, క్లైవ్ లీ అనే ఇంజినీరు 1970లో చేసిన కాడ విషయంలోనూ అచ్చంగా ఇదే జరిగింది. మొదట నున్నగా చేశారు. 1976లో గరుకు చేశారు. వదులవడం పెరిగింది. 1986లో మళ్ళీ నునుపుకు వచ్చారు. కారణం ఇది. గరుకు కాడ ఒక్క వెంట్రుకవాసి కదిలినా చుట్టూ ఉన్న సిమెంటును ఆకురాయిలా గీరుతుంది. నున్నటి కాడ కదిలితే దిగి బిగుస్తుంది, అంతే.

తీసేటప్పుడు ఈ నునుపు ఇంకో మేలు చేస్తుంది. పైకి ఒక గట్టి దెబ్బ కొడితే కాడ సిమెంటు తొడుగులోంచి కత్తి ఒరలోంచి వచ్చినట్టు వస్తుంది. సిమెంటు ఎముకను గట్టిగా పట్టుకుని ఉండి, చీము లేకపోతే, దాన్ని తొలవవలసిన పనే లేదు. పాత తొడుగులో కొత్త సిమెంటు పల్చగా పోసి కొత్త కాడ దించవచ్చు. ఎముకకు హాని లేదు. గచ్చు జిగురు కాదని చార్న్‌లీ మొదటే తెలుసుకున్న సంగతి ఇక్కడ ఫలించింది.

ఒక లోటు మాత్రం ఆయన నమూనాలో ఉంది. ఆయన బంతి, కాడ ఒకే ముక్క. బంతి గీతలు పడితే మొత్తం కాడ తీయాల్సిందే. ఇప్పటివి చాలావరకు రెండు ముక్కలు. కాడ మెడ మీద బంతిని సన్నబడే కొన మీద బిగిస్తారు. వర్క్‌షాపులో డ్రిల్ బిట్‌ను మెషిన్ పట్టుకునే మోర్స్ టేపర్ పద్ధతే అది, మన పికాసు కామకు దూరపు చుట్టం. బంతి ఒక్కటే మార్చాలంటే ఒక్క దెబ్బతో ఊడుతుంది. గిన్నె లోపలి ప్లాస్టిక్ పొర కూడా అలాగే విడిగా మార్చుకునేలా వస్తోంది. సిమెంటు లేకుండా, ఎముకే వచ్చి లోహపు రంధ్రాల్లోకి పెరిగి పట్టుకునే కాడలూ ఇప్పుడు విరివిగా వాడుతున్నారు. అవి చాలా గట్టివి. కానీ తీయవలసి వస్తే ఒక్కోసారి తొడ ఎముకను పొడవునా కిటికీలా కోసి తెరవాలి. గట్టితనానికి చెల్లించే మూల్యం అది. మన దగ్గర తుంటి బంతికి రక్తం అందక పాడైపోయి ముప్పై, నలభై ఏళ్ళకే ఈ ఆపరేషన్‌కు వచ్చేవాళ్ళు తక్కువేమీ కాదు. వాళ్ళ జీవితకాలంలో కీలు ఒక్కసారైనా మార్చవలసి రావచ్చు. వాళ్ళ విషయంలో తీసే దారి కూడా చూసుకునే పెట్టాలి.

చివరి రోజులు, మన పని

1957లో చార్న్‌లీ జిల్ హీవర్‌ను పెళ్ళాడారు. వారికి ఒక కొడుకు, ఒక కూతురు. 1974లో అమెరికాలోని లాస్కర్ పురస్కారం, 1975లో రాయల్ సొసైటీ సభ్యత్వం, 1977లో సర్ బిరుదు వచ్చాయి. పుట్టిన ఊరు బరీ కూడా ఆయనకు పౌర గౌరవం ఇచ్చింది. తుంటి మార్పిడి సిద్ధాంతం, పద్ధతి మీద ఆయన పెద్ద పుస్తకం 1979లో వెలువడింది. చివరిదాకా పనిచేస్తూనే 1982 ఆగస్టు 5న గుండెపోటుతో కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు డెబ్బై ఏళ్ళు.

ఆయన జీవితంలోంచి మన మాస్టార్లకు ఒకటి, మన పూర్వ విద్యార్థులకు ఒకటి తీసుకోవచ్చు. మాస్టార్లు ఎలాగూ ఎరిగినదే. పిల్లవాడు తప్పు లెక్క చేస్తే కొట్టేసి కొత్త పేజీ తిప్పనివ్వకుండా, తప్పు ఎక్కడ జరిగిందో వెనక్కి వెళ్ళి చూడమని మనకు నేర్పింది వాళ్ళే. మూడు వందల ఆపరేషన్ల తప్పు లెక్కను వెనక్కి వెళ్ళి చూసిన డాక్టరు చార్న్‌లీ.

పూర్వ విద్యార్థులకు చెప్పేది ఇంకా మామూలు విషయం. కీలు మార్పిడి అయినప్పుడు ఆసుపత్రివారు ఇచ్చే డిశ్చార్జి కాగితాల్లో, పెట్టిన భాగాల కంపెనీ, నమూనా, సైజు, నంబరు ఉన్న చిన్న స్టిక్కర్లు అతికించి ఉంటాయి. వాటి విలువ తెలియక చాలామంది ఆ కాగితాలను ఎక్కడో పారేస్తారు. పదిహేనేళ్ళ తరువాత బంతి ఒక్కటే మార్చవలసి వచ్చినా, లోపల ఉన్నది ఏ కొలత, ఏ నమూనా అన్నది అప్పటి సర్జన్‌కు తెలియాలి. తెలిస్తే తగిన పనిముట్టు తెప్పించుకుంటాడు, చిన్న ఆపరేషన్‌తో సరిపోతుంది. తెలియకపోతే గట్టిగా ఉన్న కాడను కూడా ఊడబెరకవలసి రావచ్చు. స్టిక్కర్లు లేకపోతే ఆసుపత్రివారిని అడిగి రాయించుకోండి. ఆ కాగితాన్ని ఇంటి దస్తావేజుల పక్కన పెట్టి, ఎక్కడ పెట్టారో పిల్లలకు చెప్పండి.